కుందేళ్లు ఎగిరి దాటే చోటు

దయ్యాలను నేను నమ్మను. ముప్పై ఏళ్లు కేజీఎఫ్‌లో ఫొటో స్టూడియో నడిపాను. పెళ్లి ఫొటోలో చనిపోయిన తాత కనిపిస్తున్నాడని తెచ్చినవాళ్లకు, అది ఫ్లాష్ వెలుగు బీరువా అద్దం మీద పడి వచ్చిన మరక అని చూపించి పంపేవాణ్ణి. ఇప్పటికీ ఎవరైనా తెస్తే అదే చెబుతాను. అందుకని కింద రాసినదానికి నేను పేరేమీ పెట్టడం లేదు. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

అప్పటికి నాకు యాభై నాలుగేళ్లు. ఊళ్లో బంగారు గనులు మూతపడి చాలా కాలమైంది. ఊళ్లో జనం పలచబడ్డారు, ఉన్నవాళ్ల చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. పెళ్లికి వెళ్లొస్తే రెండు రోజులు నడుము లేచేది కాదు. ఇటు చూడండి, నవ్వండి అని చెప్పీ చెప్పీ మనుషుల మొహాలంటేనే విసుగు పుట్టింది. కుందేళ్ల వెనక పడింది అందుకే. వాటిని నవ్వమని అడగక్కర్లేదు.

గని మట్టి దిబ్బలకు అవతల మునెమ్మ అనే ఆమెకు ఒక రాగి చేను ఉంది. అరవై దాటిన మనిషి, రెండు ఆవులతో ఒంటరిగా బతుకుతుంది. కోతలయ్యాక ఆ కొయ్యకాళ్లలో అడవి కుందేళ్లు మేసి, తెల్లవారేసరికి పక్క పొదల్లోకి వెళ్లిపోతాయి. ఆ పరుగులో, నాలుగు కాళ్లూ గాల్లో ఉన్న కుందేలును కెమెరాలో పట్టాలని నా ఆశ. చేలోకి రావచ్చా అని అడిగితే మునెమ్మ నన్ను ఎగాదిగా చూసి, "రా అప్పా. వాటినేమీ చేయొద్దు, అంతే" అంది.

నెల రోజులు గోనెపట్ట మీద బోర్లా పడుకున్నాను. ఇసుక సంచి మీద లెన్సు, మంచుకు తడిసిన మోచేతులు. కుందేలు ఉన్నప్పుడు వెలుగు చాలదు, వెలుగు వచ్చేసరికి కుందేలు ఉండదు. ఒక్క ఫొటో కూడా పనికి రాలేదు. ఇక చాలనుకుంటూనే మళ్లీ అలారం పెట్టుకునేవాణ్ణి.

ఒకరోజు దొరికింది. చేను మధ్యగా పరుగెత్తుతూ వచ్చిన కుందేలు ఉన్నట్టుండి మోకాలెత్తు ఎగిరి, రెండు మూరల అవతల దిగి, మళ్లీ పరుగందుకుంది. వరసగా తొమ్మిది ఫొటోలు, అన్నీ స్పష్టంగా వచ్చాయి. ఎన్నాళ్ల తర్వాతో నాలో నేను నవ్వుకున్నాను.

మర్నాడు చెవి చిరిగిన ఇంకో కుందేలు వచ్చింది. అదీ ఎగిరింది. ఆ మర్నాడు రెండు వచ్చాయి, రెండూ ఎగిరాయి. కంప్యూటర్లో ఫొటోలన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. అన్నీ ఒకే చోట ఎగురుతున్నాయి. కింద ఏమీ లేదు.

వెళ్లి నేల తడిమాను. కలుగు లేదు, రాయి లేదు, తీగ లేదు. జానెడు లోతు తవ్వి చూశాను, ఉత్త ఎర్రమట్టి. పాము వాసనేమోనని రెండు బిందెల నీళ్లు పోశాను. మరుసటి రోజు కూడా ఎగిరాయి. వేరేచోట కట్టె అడ్డం పెడితే దాన్ని చుట్టి పోయాయి గాని ఎగరలేదు. ఒక మధ్యాహ్నం కుక్క తరిమితే ఒక కుందేలు అదే చోటు మీదుగా మామూలుగా పరుగెత్తింది. తెల్లవారుజామున మాత్రమే ఎగురుతాయి.

ఇంత చేశాక కూడా నాకు దయ్యం ఆలోచన రాలేదు. అలసటే వచ్చింది.

చేలోకి రానిచ్చినందుకు మునెమ్మకు మంచి ఫొటో ఒకటి పెద్దది చేయించి తీసుకెళ్లాను. ఆమె పాల చెంబు కింద పెట్టి, ఫొటోను చాలాసేపు చూసింది.

"ఇది యాడ తీసినావు?"

చేను మధ్యలో అన్నాను. అన్నీ అక్కడే ఎగురుతున్నాయని కూడా చెప్పాను. ఆమె గడప మీద కూర్చుండిపోయింది.

ఆమె భర్త నారాయణప్ప. గనులు సర్కారు చేతికి వచ్చాక పనిలో చేరి, మూతపడేదాకా కింద సొరంగాల్లోనే పని చేశాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది. పడుకుంటే ఊపిరాడేది కాదు. అందుకని తెల్లవారకముందే కంబళి కప్పుకుని చేలో కూర్చునేవాడట.

"కాళ్లు సాపుకుని కదలకుండా కూర్చోనుండేవాడు. కుందేళ్లు ఆయప్ప కాళ్ల మీద ఎగిరి పోతా ఉండె. నన్ను బండ అనుకుంటాండాయే అని నగేవాడు. ఆడే పోయినాడు అప్పా. నేను పాలు పిండుతా ఉంటి."

ఎన్నేళ్లయిందని అడిగాను. తొమ్మిదేళ్లంది.

మర్నాడు ఆమె నాతో పాటు చేలోకి వచ్చింది. కొంగు తలమీద కప్పుకుని నా పక్కన కూర్చుంది. చెవి చిరిగిన కుందేలు వచ్చింది, ఎగిరింది, పోయింది. నేను కెమెరా నొక్కలేదు. ఆమె ఏడవలేదు. తల ఒకపక్కకు వంచి, ఏదో వినడానికన్నట్టు కూర్చుంది.

తిరిగి వస్తూ నాకు తోచినవన్నీ ఆమెకు చెప్పాను. ఈ కుందేళ్లు నాలుగైదేళ్లకు మించి బతకవు, నారాయణప్పను చూసిన కుందేలు ఒక్కటీ ఇప్పుడు ఉండదు. తల్లి దగ్గర నేర్చుకున్నాయందామంటే, కుందేలు తల్లి పిల్లల్ని వెంట తిప్పుకోదు, పాలిచ్చి వదిలేస్తుంది. నేలలో ఏమీ లేదు. నాకు అర్థం కావడం లేదమ్మా అన్నాను.

ఆమె ఇవేవీ పట్టించుకోలేదు. ఒక్కటే అడిగింది.

"నువ్వు నెలనుంచీ ఆడ పండుకోనుండావు గదా. దగ్గు ఏమన్నా వినపడిందా అప్పా?"

లేదమ్మా, ఒక్కరోజు కూడా వినపడలేదన్నాను. అది నిజం.

"ఆఖరు మూడేండ్లు దగ్గని గడియ లేదు" అంది. కొంచెం దూరం నడిచాక ఆగి, నావైపు తిరగకుండానే, "అట్లయితే ఇప్పుడు ఊపిరి బాగా ఆడతా ఉండాది ఆయప్పకు. అంతే గదా?" అంది.

నేను ఆమె వెనకే నడిచాను.