పటంలో లేని గడి

2021 చలికాలంలో హాంబర్గ్‌లో ఒక చిన్న సంఘంలో ఫోన్ సహాయకురాలిగా చేరాను. కొత్తగా వచ్చిన తెలుగు ఆడవాళ్ళకు ఆ సంఘం వీడియోలో జర్మన్ క్లాసులు నడిపేది. నాది ఇంటర్ చదువు. హోదాలో నా కింద ఉన్నది ఆఫీసు కాఫీ మెషీన్ ఒక్కటే. రెండేళ్ళు చేసి మానేశాను కానీ, ఒక్క వారం మాత్రం మరిచిపోలేను.

క్లాసు వల్ల లాభం ఉందో లేదో తేల్చడానికి ఊటె అనే ఆవిడ వచ్చారు. అదే ఆవిడ వృత్తి. ముందు ఒక పటం గీస్తారు. మొదటి గడిలో టీచరు, పుస్తకాలు. తర్వాతి గడిలో క్లాసులు. చివరి గడిలో 'డాక్టరుతో సొంతంగా మాట్లాడటం'. ఒకదాని వల్ల ఇంకొకటి జరుగుతుందనుకున్న చోటల్లా బాణం. తర్వాత క్లాసులకు ముందూ వెనకా నింపిన ఫారాలు చూసి, ఆ బాణాలు నిజమో కాదో పరీక్షిస్తారు.

మొదటి ఫారాల్లో 'మీకు జర్మన్ ఎంత వచ్చు' అన్నదానికి దాదాపు అందరికీ ఐదుకి నాలుగు. మూడు నెలలు నేర్చుకున్నాక రెండు! అంటే మా క్లాసు ఉన్న జర్మన్‌ను కూడా ఊడగొడుతోందన్నమాట. శుక్రవారం మీటింగులో క్లాసు ఆపేస్తారని తెలిసింది.

నాకు స్వరూప గుర్తొచ్చింది. కరీంనగర్ అమ్మాయి, ఏడో నెల. కరోనా రూల్సు వల్ల చెకప్‌కు భర్తను లోపలికి రానివ్వరు. ఈ క్లాసు పోతే డాక్టరు దగ్గర ఒక్కతే ఏం చేస్తుంది? వెంటనే ఫోన్ చేశాను.

"ముందు నాలుగేసుకున్నావు, ఇప్పుడు రెండేంటమ్మా?"

"నాలుగా? నేనెప్పుడేసిన అక్కా? గప్పుడు నాకు ఒక్క ముక్క రాకపాయె. ఫారం మా ఆయన మెయిల్‌కు వచ్చె, ఆయననే నింపిండు." అటు తిరిగి అరిచింది. "ఏమయ్యా, నాకు నాలుగెందుకేసినవ్?"

"తక్కువేస్తే వీసాకు ఏమన్నయితదేమోనని!" అని వెనక నుంచి జవాబు. "ఐదే ఏద్దామనుకున్న, గని నమ్మరని ఆగిన."

మిగతావాళ్ళకూ చేశాను. రెండిళ్ళలో తప్ప అన్నిచోట్లా భర్తలే నింపారు. రెండో ఫారం మాత్రం క్లాసులో టీచరు ముందు ఆడవాళ్ళే నింపారు.

తడబడుతూనే ఊటె గారికి చెప్పాను. ఆవిడ పటంలో 'భర్త' అని కొత్త గడి గీసి, అక్కడి నుంచి మొదటి మార్కులకు బాణం వేశారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి గడి గీయలేదన్నారు. మీటింగులో మొదటి ఫారాలు పక్కన పెట్టించి, ఒక వారం గడువు అడిగారు.

కొత్త పరీక్ష ఇది: ఊటె గారు ఫోన్‌లో డాక్టరు రిసెప్షనిస్టులా మాట్లాడతారు, ఆడవాళ్ళు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకోవాలి. క్లాసులో మూడు నెలలు నేర్చుకున్నవాళ్ళకూ, వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళకూ ఒకటే పరీక్ష. మొదటి కాల్‌లోనే వెనక నుంచి భర్త గుసగుసగా జవాబులు అందించేసరికి, భర్తలు వేరే గదిలో ఉండాలని ఆవిడ నిబంధన రాశారు.

వెయిటింగ్ లిస్టువాళ్ళలో చాలామంది పేరు చెప్పి ఆగిపోయారు. స్వరూప టెర్మిన్ తీసుకోవడమే కాదు, ఇచ్చిన టైము కుదరదని బేరమాడి అరగంట ముందుకు జరిపించుకుంది. క్లాసు నిలిచింది.

మార్కులు ఎందుకు తగ్గాయని వెతికే ముందు, వాటిని ఎవరు వేశారో అడగాలి. నేను అక్కడ నేర్చుకున్నది అదే.