బండ చాటు ఇంట్లో బొమ్మ

ఈ మధ్యాహ్నం గుట్ట కింది లోయలోంచి ఒక ఆడమనిషి కేక వినిపించింది. మేకలను పిలుస్తోందో, ఇంటి మనిషిని పిలుస్తోందో తెలియదు. "ఓ" అని సాగదీసి ఒక్కసారి పిలిచి ఆగింది. ఆ కేక ఎదుటి గుట్టకు తగిలి తిరిగొచ్చి, సన్నబడి, పూర్తిగా పోయాకే రెండోసారి పిలిచింది. కిటికీ పక్కన కూర్చుని రిపోర్టు రాసుకుంటున్న నేను కలం ఆపేశాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఎవరో మేకలను పిలిస్తే నాకు నాగక్క మీద కుళ్లు పుడుతోందంటే నా బుద్ధి ఎలాంటిదో మీరే అనుకోండి.

నాగక్క మా టీవీ ప్రసార కేంద్రానికి నాకంటే ముందు ఇన్‌చార్జ్. ఆవపల్లి వైపు గుట్ట మీద ఒక టవరు, దాని కింద రెండు గదులు, అదే మా కేంద్రం. ఆమెది జగర్గుండా దగ్గర ఒక రైతు కుటుంబం. గొడవలతో దారులు మూసుకుపోయిన రోజుల్లో ఇల్లూ పొలమూ వదిలి ఇటు వచ్చేశారు. మిషన్ల మీద దుమ్ము తుడిచే పనిలో చేరి, టవరు ఎక్కి ఎర్ర దీపాలు మార్చడం నేర్చుకుని, ప్రైవేటుగా పరీక్షలు రాసి టెక్నీషియన్ అయింది. నేను కిరందుల్ రైల్వే క్వార్టర్లలో పెరిగినవాణ్ణి. మా నాన్న శ్రీకాకుళం నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. విశాఖపట్నంలో డిప్లొమా చేసి, ఫస్టు క్లాసు సర్టిఫికెట్‌కు ప్లాస్టిక్ తొడుగు వేయించుకుని మరీ ఈ గుట్ట ఎక్కాను. కొత్త డిజిటల్ మిషను వస్తోంది, అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, ఇక నాకు ఎదురేముంది అనుకున్నాను.

నిజంగానే తెలుసు నాకు. పాత పద్ధతిలో బొమ్మ ఉన్నది ఉన్నట్టుగా తరంగం మీదెక్కి వెళ్లేది. దారిలో బలం తగ్గితే తెర నిండా చుక్కలు పడేవి. గుట్టకు కొట్టుకుని తిరిగొచ్చిన తరంగం వల్ల వార్తలు చదివే మనిషి పక్కన అదే మనిషి మసగ్గా ఇంకొకడు కనిపించేవాడు. జనం ఇద్దర్నీ చూసుకుంటూ వార్తలు వినేవారు. కొత్త పద్ధతిలో బొమ్మనూ మాటనూ అంకెలుగా మార్చి బాగా కుదిస్తారు. అందుకే ఒక ఛానెల్ పట్టే చోట ఇప్పుడు అయిదారు పడతాయి, మా సరిహద్దు ఊళ్లు అడిగే తెలుగు ఛానెల్‌తో సహా. దారిలో కొన్ని అంకెలు పోయినా ఇంట్లో టీవీకి తగిలించే సెట్‌టాప్ పెట్టె లెక్క కట్టి పూరించుకునేలా కొన్ని అదనపు అంకెలు కలిపి పంపుతారు. అన్నిటినీ ఒకే తరంగం మీద తరమకుండా వేల సన్నని తరంగాల మీద పంచి నిదానంగా పంపుతారు, ఒక్కో విడతకూ మధ్య కాస్త వ్యవధి వదులుతారు. బలం చాలినంత వరకూ బొమ్మ అద్దంలా ఉంటుంది, చాలని చోట ఒక్కసారిగా ఆగిపోతుంది. చుక్కలతో సర్దుకుపోయే రోజులు పోయాయి.

పెట్టెలు పంచిన రోజు ఆవపల్లి బడిలో ఊళ్ల పెద్దలను కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. బోర్డు మీద బొమ్మలు కూడా గీశాను. ఒక ముసలాయన లేచి, ఆ మధ్యలో వ్యవధి దేనికి, టైము దండగ కదా అన్నాడు. నేను సూత్రం రాయడం మొదలుపెట్టాను. ఆయన మర్యాదగా తల ఊపుతూ కిటికీలోంచి బయటికి చూశాడు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ నాగక్క అందుకుంది.

"తాతా, వాగు అవతలి మనిషిని ఎట్ల పిలుస్తవ్?"

"కేకేస్త."

"గుట్టకు తాకి నీ కేక మళ్ల నీకే వస్తది గదా. అది పొయ్యేదాక ఆగవా?"

"ఆగుత. ఆగకపోతే రెండు మాటలు కలిసిపోతయ్, ఏం తెల్వదు."

"మిషను గూడ గంతే. ఆగి ఆగి పిలుస్తది."

ముసలాయన నవ్వి కూర్చున్నాడు. మిగతావాళ్లు తమ దోర్లీ, హల్బీ భాషల్లో పక్కవాళ్లకు అదే మాట చెప్పుకున్నారు. నా బోర్డు వైపు మళ్లీ ఎవరూ చూడలేదు. మూడేళ్లు చదివి పాసైన పాఠాన్ని నాలుగు మాటల్లో చెప్పేసిందే అని నాకు ఒళ్లు మండింది. చిన్నప్పుడు పశువులు కాసిన మనిషి కాబట్టి ఆమెకు తట్టింది, అందులో గొప్పేముంది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇంటికి వెళ్లాక మాత్రం ఆ మాటను నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను, ఎవరు చెప్పారో రాయకుండా.

ఆ తర్వాత ఎక్కడ పెట్టె మొరాయించినా నన్ను చూసి అడిగే మొదటి ప్రశ్న ఒకటే, "నాగక్క రాలేదా?" నేను సైకిలు దిగి, చెమట తుడుచుకుని, పెట్టె విప్పి, వైరు బిగించి, బొమ్మ తెప్పించినా, టీ చేతికిస్తూ "అక్క ఎట్లుంది?" అనేవారు. ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి ఆమె చేసిన తప్పు ఒక్కటీ దొరికేది కాదు. అది ఇంకా కష్టంగా ఉండేది.

ఇంతలో పైనుంచి ఒక మాట వచ్చింది. డిజిటల్ ప్రయోగం బాగా నడిస్తే కేంద్రానికి పక్కా ఇన్‌చార్జ్‌ను వేస్తారట, జగదల్‌పూర్ నుంచి వచ్చే ఇంజనీరు మా ఇద్దరిలో ఒకరి పేరు రాసి పంపుతాడట. ఆ కుర్చీ నాకు కావాలి. అంతకంటే ఎక్కువగా, ఆమెకు రాకూడదు. గుట్ట మీది పెద్ద కేంద్రం ఆమె చూస్తోంది. బాసగూడ దాటాక, గుట్ట నీడ పడి మా సిగ్నల్ అందని ఊళ్ల కోసం పెట్టిన చిన్న కేంద్రం నా చేతికిచ్చారు. రెండూ ఒకే ఛానెల్ మీద, ఉపగ్రహాల గడియారం చూసుకుని ఒకే క్షణంలో పంపాలి. రెండు గొంతులు ఒకేసారి ఒకే మాట అంటే వినేవాడికి ఒకే మాటలా వినిపిస్తుంది. అందులో ఒకటి మరీ ఆలస్యంగా చేరితే గోలే.

నేను చేసిన పని చెబుతాను. నా ఊళ్లు ఆమె ఊళ్లకంటే బాగా కనిపించాలని నా మిషను బలం పెంచాను. ఇది పాత మిషన్ల కాలం నుంచి వచ్చిన అలవాటు, బలం పెంచితే బొమ్మ బాగుపడుతుందని చేయి దానంతట అదే తిరుగుతుంది. నా ఊళ్లలో బొమ్మ మెరిసిపోయింది. మూడో రోజు ఆమె వైపు మూడు పల్లెల్లో తెరలు నల్లబడ్డాయని కబురొచ్చింది. నా పెంపుకూ దానికీ సంబంధం ఉంటుందేమోనన్న అనుమానం తలలో ఒక మూల కదిలింది. దాన్ని అక్కడే కూర్చోబెట్టాను. నాకు సంతోషంగా ఉంది. ఆ రోజు అన్నం కూడా రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

నాగక్క మీటరు భుజాన వేసుకుని ఆ పల్లెలకు సైకిలు మీద వెళ్లిందని విన్నాను. రెండు రోజుల తర్వాత పొద్దున్నే నా కేంద్రం ముందు సైకిలు దిగింది. మొహం ఎండకు కమిలి ఉంది. నీళ్లు తాగి గడప మీద కూర్చుంది.

"ఏటక్కా, ఇంత దూరం వచ్చీసినావు?" అన్నాను.

"ఊరంతా నల్లగున్నది తమ్మీ. ఒక్క ఇంట్ల మాత్రం బొమ్మ మంచిగొస్తున్నది. ఏ ఇల్లో చెప్పు."

"ఎత్తు మీదున్న ఇల్లేటి?"

"కాదు. ఇంటెనక ఇంత పెద్ద బండ ఉన్నది, దాని చాటు ఇల్లు. పాత మిషను రోజుల్ల అయితే ఆ ఇంట్లనే బొమ్మ రెండుగ కనిపించేది."

నేను చేతికందిన వైరు చుట్టడం మొదలుపెట్టాను. ఆమె తొందరపడలేదు. నేను చుట్టడం పూర్తయ్యేదాకా ఆగింది.

"ఆ బండ నీ దిక్కుకు అడ్డముంది," అంది. "నా దిక్కుకు లేదు. నీది ఆగిపోయిన ఇంట్లనే బొమ్మ ఉన్నది, అంటే మిగతా ఊరికి నీది ఆలస్యంగ పోయి నా దాన్ని చెడగొడుతున్నది. ఎంత పెట్టినవ్ తమ్మీ?"

"ఉన్నదే ఉంది అక్కా," అన్నాను. మిషను మీద బలం చూపే ముల్లు ఆమె కూర్చున్న చోటికి కనిపిస్తూనే ఉంది.

ఆమె దానివైపు చూసింది, నావైపు చూసింది. లేచి చీర కుచ్చిళ్లు దులుపుకుంది. "నేను ముట్టుకోను. నీ మిషను, నువ్వే తగ్గించు. అట్లనే నీ దాన్ని కొంచెం ముందుగాల వదులు, నా దాంతోటి కలిసి ఆ ఊళ్లకు చేరేతట్టు. నీ దగ్గరి ఊళ్లకు ఏం కాదు, ఆడికి నాది ఎట్లాగూ గుట్ట దాటి రాదు." ఎంత ముందు వదలాలో ఒక చీటీ మీద రాసింది. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. నేను డిప్లొమాలో చదివిన లెక్క, సరిగ్గా నాకు రావలసిన లెక్క, ఆమె పల్లెల మధ్య సైకిలు తొక్కుతూ కట్టుకొచ్చింది. ఆమె వెళ్లాక బలం తగ్గించి, చీటీలో ఉన్నట్టు సర్దాను. సాయంత్రానికి మూడు పల్లెల్లోనూ బొమ్మ వచ్చింది.

ఇంజనీరు సాహబ్ వచ్చిన రోజు నేను రాత్రంతా నిద్రపోని మొహంతో నిలబడ్డాను. ఆ మూడు పల్లెలకు ఏమైందని ఆయన హిందీలో అడిగాడు. ఆమె నా తప్పును దాచిపెడుతుందని నా నమ్మకం. దాచిపెడితే జీవితమంతా నా తల మీద ఆ బరువు ఉంటుందని భయం కూడా. నాగక్క ఉన్నదున్నట్టు చెప్పింది. తమ్ముడు బలం పెంచాడు, దానివల్ల ఆగింది అంది. అదే గొంతుతో, గంట గంటకూ పుస్తకంలో ముల్లు ఎక్కడుందో రాసి పెట్టాడు, పెంచిన రోజు కూడా దాచకుండా రాశాడు, అందుకే నా లెక్క కుదిరింది అంది. నేను లేని పూట నా పుస్తకం ఎప్పుడు చూసిందో తెలియదు. రెండు మాటలూ నిజమే. ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఆమెను వేలెత్తి చూపించడానికి నాకొక చోటు దొరికేది. అదీ దక్కనివ్వలేదు.

కుర్చీ ఆమెకే వచ్చింది. ఆమె కింద అయిదేళ్లు పనిచేశాను. నాకు వచ్చిన పనిలో సగానికి పైగా ఆ అయిదేళ్లలో వచ్చిందే. తెర మీది బొమ్మను చూసి మురిసిపోవద్దు, ఆగిపోయే అంచుకు ఎంత ఎడం ఉందో మీటర్లో చూడు అని రోజూ చెప్పేది. ఫోనులో ఎవరైనా తిడుతున్నా వాళ్ల మాట అయిపోయేదాకా ఆగి మాట్లాడేది. నేను నేర్చుకుంటూనే కుళ్లుకున్నాను, కుళ్లుకుంటూనే నేర్చుకున్నాను. రిటైరైన రోజు తాళాలు నా చేతిలో పెట్టి, చిన్న కేంద్రం మిషను ముల్లు దగ్గర తన బొట్టు సీసాలోంచి ఒక ఎర్ర గీత గీసింది. "దీని దాటకు తమ్మీ," అంది, అంతే. నేను ఇప్పటికీ దాటలేదు.

నిన్న రాయపూర్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. రెండు కేంద్రాలు కలిసే చోట ఒక్క పల్లెలోనూ తెర ఆగకపోవడం చూసి ఆశ్చర్యపోయాడు. ఈ సర్దుబాటు ఎలా తట్టింది అని అడిగాడు. "అనుభవం సార్," అన్నాను. ఆయన భుజం తట్టి, ఇదంతా రాసివ్వు, మిగతా కేంద్రాలకు పంపుతాం, పైన నీ పేరు వెయ్యి అన్నాడు. ఆ గీత ఎవరు గీశారని కూడా అడిగాడు. వినిపించనట్టు ఊరుకున్నాను.

ఈ మధ్యాహ్నం కేక వినిపించినప్పుడు నేను రాస్తున్నది ఆ కాగితమే. బండ చాటు ఇంటి సంగతి అంతా రాశాను, అన్నిచోట్లా 'నేను' అని పెట్టి. లోయలో ఆ ఆడమనిషి పిలిచి ఆగింది. ఎదుటి గుట్ట జవాబు పూర్తయ్యేదాకా నేనూ ఆగాను. తర్వాత కాగితం చింపి, కొత్తది తీసుకుని, పైన 'సోయం నాగమ్మ, రిటైర్డ్ ఇన్‌చార్జ్' అని రాశాను. రాస్తుంటే చేయి మొరాయించింది, అబద్ధం చెప్పను. కింద ఆమె ఇచ్చిన పాత చీటీ పెట్టుకుని అంకెలు ఎక్కించాను. మొత్తం పూర్తయ్యాక రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. దస్తూరి కూడా ఆమెదే బాగుంది.