కుళ్ళాయప్ప గీసిన పెద్దలు

హిందూపురంలో పటాల కుళ్ళాయప్ప పేరు తెలియని ఇల్లు ఆ రోజుల్లో లేదు. ఉండడానికి వీల్లేదు కూడా. ఊళ్ళో పోయిన ప్రతి పెద్దమనిషీ కాటికి వెళ్ళాక ఆయన చేతికి రావలసిందే కదా! ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తరిగిపోతుందని బతికినన్నాళ్ళూ ఎవరూ దాని జోలికి పోయేవారు కాదు. తీరా పోయిన మూడో నెలకు కొడుకులకు దిగులు పట్టుకునేది, నాయన ముఖం గోడ మీద లేకపోతే ఎట్లా అని. అప్పుడు బెల్లం మండీ పక్కనున్న కుళ్ళాయప్ప అంగడికి వచ్చి కూర్చునేవారు. ముక్కు మా పెద్దన్న ముక్కు మాదిరి, గడ్డం మా మేనత్త గడ్డం మాదిరి అని చెప్పుకొచ్చేవారు. ఆయన కళ్ళు మూసుకొని, తల ఊపుతూ అంతా వినేవాడు. వినడంలో అంత ఓపికున్న మనిషిని నేనైతే ఎక్కడా చూడలేదు.

ఆయన పుట్టింది సోమందేపల్లిలో. పద్నాలుగో ఏట పెనుకొండకు ఒక నాటకాల కంపెనీ వస్తే, ఇంట్లో చెప్పకుండా దాని వెంట పోయాడు. పదేళ్ళు తెరలకు రంగులు వేశాడు. ముందు తెర మీద సింహాసనంపై కూర్చున్న ముసలి మహారాజు ఒకడుండేవాడు. వానకు తడిసి, బండ్లలో నలిగి ఏటా ఆ మహారాజు ముఖం పెచ్చులూడేది, ఏటా కుళ్ళాయప్పే దాన్ని మళ్ళీ గీసేవాడు. కంపెనీ బళ్ళారిలో చేతులెత్తేశాక హిందూపురం వచ్చి, చనిపోయినవాళ్ళ బొమ్మలతో బతుకు మొదలుపెట్టాడు.

ఇక ఆ ఇళ్ళవాళ్ళ కోరికలు చూడాలి! జీవితమంతా గొంగడి తప్ప మరొకటి కప్పుకోని మనిషికైనా పటంలో జరీ ఉత్తరీయం ఉండాలి. తెల్లటి తలపాగా, నల్ల కోటు ఉండి తీరాలి. పటం ఇంటికి చేరిన రోజు దండ వేసి, టెంకాయ కొట్టి, అద్దం మీద నిండుగా కుంకుమ పెట్టేవారు. ఆడవాళ్ళు ఘొల్లుమనేవారు. అంత ఏడుపులో నిలబడి, ముక్కు కుదరలేదని చెప్పే మొనగాడెవడు? అచ్చం ఆయనే అని పక్కింటివాళ్ళు అనేవారు. విని విని కుళ్ళాయప్ప కూడా నమ్మేశాడు. ఆస్తి లేదు, పిల్లల్లేరు. పోలికలో తనను మించినవాడు లేడన్న పేరు ఒక్కటే ఆయనకున్న సంపద, దానితోనే తలెత్తుకొని తిరిగేవాడు.

1939లో పెనుకొండ వకీలు గంగాధరప్పకు ఒక సరదా పుట్టింది. ఆయన మద్రాసులో చిత్రాల ప్రదర్శన చూసి వచ్చాడు. మన తాలూకాల్లో మాత్రం చిత్రకారులు లేరా అని పట్టుబట్టి, క్లబ్బు హాలులో మూడు రోజుల ప్రదర్శన పెట్టించాడు. కుళ్ళాయప్పకూ కబురొచ్చింది. ఆయన ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. చిక్కేమిటంటే ఆయన బొమ్మలన్నీ పరాయి గోడల మీద ఉన్నాయి. నెల రోజులు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం తిరిగి ఇల్లిల్లూ బతిమాలాడు. ఇంటి పెద్దను గోడ మీదనుంచి దించి ఇవ్వడం చిన్న సంగతా? ఆ మూడు దినాలూ దీపం యాడ పెట్టల్ల అని అడిగారు. చివరికి పద్నాలుగు పటాలు చేతికొచ్చాయి. అన్నిటికంటే ఆయన భయపడింది ధర్మవరం హనుమక్క ఇంటికి వెళ్ళడానికి. ఆమె మగ్గాలవాళ్ళ ఇంటి విధవ. చీరంతా పరిస్తే ఎక్కడో తప్పిన ఒక్క పోగును వేలు పెట్టి చూపించే మనిషి. ఆమె మాత్రం ఒక్క ప్రశ్న కూడా వేయకుండా భర్త ఓబుళప్ప పటం తీసి చేతిలో పెట్టింది.

పటాలు రాగానే గంగాధరప్ప ముఖం చిట్లించాడు. కుంకుమలు, దీపం మసి, వాడిన దండలు, ఇదేం ప్రదర్శన అన్నాడు. అద్దాలన్నీ కడిగించాడు. పాత చట్రాలు తీయించి అన్నిటికీ ఒకే రకం నల్ల చట్రాలు వేయించాడు. వెనక అంటించిన ఇంటిపేర్ల చీటీలు పీకించి ఒకటి నుంచి పద్నాలుగు దాకా అంకెలు వేయించాడు, పట్నంలో అంతేనట. ఏ అంకె ఎవరిదో రాసి పెట్టుకోమంటావా అని గుమస్తా అడిగితే కుళ్ళాయప్ప నవ్వాడు.

"నేను గీసినోళ్ళు నాకు తెల్దా సామీ?"

మొదటి రోజు మద్రాసు నుంచి ఒక పేరున్న చిత్రకారుడు న్యాయనిర్ణేతగా వచ్చాడు. దేవుళ్ళను, సూర్యాస్తమయాలను పావుగంటలో దాటేశాడు. కుళ్ళాయప్ప గోడ ముందు మాత్రం అరగంట నిలబడిపోయాడు. తర్వాత అందరి ఎదుటా బంగారు పతకం ఆయనకే అని చెప్పాడు. ఒకే మనిషిని పద్నాలుగు సార్లు గీసి ఒక్కసారి కూడా పోలిక తప్పకపోవడం తన జన్మలో చూడలేదన్నాడు. ఇంత భక్తితో గీశావు, ఈ పెద్దాయన మీ నాయనగారా అని అడిగాడు.

హాలంతా చప్పట్లు కొట్టింది. కుళ్ళాయప్ప తలతిప్పి గోడ చూశాడు. ఇన్నేళ్ళలో తన బొమ్మలన్నీ కుంకుమలు, దండలు లేకుండా ఒక్క వరసలో ఆయన చూడడం అదే మొదలు. కంపెనీ తెర మీది ముసలి మహారాజు పద్నాలుగు చోట్ల కూర్చొని ఉన్నాడు. పతకం మెడలో వేస్తున్నా ఆయన సిగ్గుతో తల ఎత్తలేదు, ఎంత వినయమో అని జనం మెచ్చుకున్నారు.

మూడో రోజు సాయంత్రం పటాలు తీసుకుపోవడానికి ఇళ్ళవాళ్ళు వచ్చారు. వస్తూనే రభస మొదలైంది. ఐదో పటం మా నాయనదని పెనుకొండ శంకరప్ప కొడుకులు పట్టుకుంటే, మా తాతదని హిందూపురం బెల్లం వ్యాపారి లాగాడు. కుంకుమ మరక లేదు, మసి లేదు, పాత చట్రం లేదు, దేన్ని చూసి గుర్తుపడతారు పాపం! గీసినాయన్నే అడగండి అన్నారు ఎవరో. అందరూ కుళ్ళాయప్ప వైపు తిరిగారు. తెలియదంటే అన్నేళ్ళ పేరు అక్కడే గంగలో కలుస్తుంది. అందుకని చేతికి దొరికిన పటం దొరికినట్టు తీసి, ఇదిగో మీ నాయన, ఇదిగో మీ తాత అని గట్టిగా చెప్పి ఇచ్చేశాడు. తీసుకున్నవాళ్ళు ఒక్కసారి తేరిపార చూసి, అవునవును అని కళ్ళు తుడుచుకొని, కళ్ళకద్దుకొని వెళ్ళారు. పదమూడు ఇళ్ళవాళ్ళలో ఒక్కరికైనా అనుమానం రాలేదు. ఆ నమ్మకమే ఆయన్ను మరింత కుంగదీసింది.

రైలు ఆలస్యమై హనుమక్క అందరికంటే చివర వచ్చింది. మిగిలింది ఒక్క పటమే కనుక, ఊరికే చేతికిచ్చి పంపితే సరిపోయేది. ఆమె కళ్ళు చూశాక కుళ్ళాయప్పకు చేతులాడలేదు.

"అక్కా, ఇది మీ ఇంటాయనో కాదో నాకే తెల్దు. అందరికీ ఒగే మొగం గీసినాను. ఇన్నేండ్లూ మోసం చేసినాను" అన్నాడు. అని, ఆమె తిట్టడానికి సిద్ధంగా నిలబడ్డాడు.

"ఆయన కాదని నాకు మొదటి పొద్దే తెలుసప్పా. ఆయనకు కుడికన్ను మెల్ల" అంది హనుమక్క.

"మరి అప్పుడే చెప్పలేదేమక్కా?"

ఆమె పటం అందుకొని, ఒళ్ళో పెట్టుకొని బల్ల మీద కూర్చుంది.

"ఇరవై ఏండ్లు కాపరం చేసినాము. పొద్దస్తమానం ఆయన పోగు చూస్తాండె, చీర చూస్తాండె. నా మొగం పక్క ఒగ పొద్దన్నా చూసినోడు కాదు. ఈయప్ప ఎవరో గానీ, లేసినప్పటి నుంచి నన్నే చూస్తాండాడు" అంది. చీర కొంగుతో పటం చుట్టుకొని స్టేషనుకు నడిచింది.

కుళ్ళాయప్ప ఆ తర్వాత ఇంకో ఏడెనిమిదేళ్ళు పటాలు గీశాడు. కానీ ముక్కు సంగతి, గడ్డం సంగతి అడగడం మానేశాడు. ఎవరొచ్చినా, మీ పెద్దాయన మిమ్మల్ని ఎట్ల చూస్తాండె అని అదొక్కటే అడిగేవాడు. చాలామంది తెల్లముఖం వేసేవారు. అగళి నుంచి తండ్రి బొమ్మ కోసం వచ్చిన రామప్ప అనే రైతు అయితే అంగడి మెట్ల మీద చాలాసేపు ఆలోచించి, తువ్వాలుతో కళ్ళు ఒత్తుకొని, ఆ చూపు కండ్లముందరే ఉండాది, బొమ్మ వద్దులేప్పా అని లేచి వెళ్ళిపోయాడు.