తూఫా చెప్పిన జవాబు

తన తండ్రి తూఫా కాలు తీయించుకోవడానికి ఒప్పుకున్నాడన్న కబురు ఆయాంతుకి డ్యూటీలో ఉండగా తెలిసింది. మినియాపొలిస్ ఎయిర్‌పోర్ట్‌లో నడవలేని ప్రయాణికుల్ని వీల్‌చెయిర్‌లో గేటు దాకా తీసుకెళ్లడం ఆమె పని. ఫోన్ చేసింది ఆస్పత్రి నర్సు ఉమ.

"రేపు పొద్దున్నే ఆపరేషన్ పెట్టారు. కానీ నాకెందుకో మనసొప్పడం లేదండీ. మీ నాన్నగారు ఏమడిగినా 'ఎషీ' అంటున్నారు. తిన్నారా అన్నా అదే, నొప్పా అన్నా అదే."

ఆయాంతు తోస్తున్న వీల్‌చెయిర్ ఆపేసింది. ఎషీ అంటే సరే. అది ఇథియోపియా సర్కారు భాష అమ్హారిక్‌లో మాట, వాళ్ల భాష కాదు.

"ఎవరితో మాట్లాడించారు?"

"ఇథియోపియా అని రాసుంది కదా, అమ్హారిక్ ఆయన్ని ఫోన్‌లో కలిపారు. మా అమ్మ ఇక్కడ జబ్బు పడితే ఇండియా అని చూసి హిందీ ఆవిణ్ణి పిలిచారు. అమ్మకి తెలుగు తప్ప ఒక్క ముక్క రాదు. అందుకే అనుమానమొచ్చింది."

తూఫా ఒరోమో తెగ మనిషి, వచ్చింది ఒరోమో భాష ఒక్కటే; ఇథియోపియాలో అర్సీ కొండల్లో పశువులు కాసి పెరిగాడు. ఆ దేశాన్ని చక్రవర్తి ఏలిన కాలంలో అతని పొలం తగాదా కోర్టుకెక్కింది. అక్కడ అమ్హారిక్ తప్ప మరో భాష చెల్లదు. జడ్జి ఏమడుగుతున్నాడో తెలియక, భయపడి అన్నిటికీ ఎషీ అన్నాడు. పొలం పోయింది. అప్పట్నుంచీ ఆ భాష చెవిన పడితే చాలు, తల వంచుకుని ఆ ఒక్క మాటే అనేవాడు.

ఆయాంతు పరుగున వెళ్లి గొడవ పెట్టుకుంది. ఆపరేషన్ ఆగింది. ఇంటివాళ్లు తర్జుమా చేస్తే చెల్లదన్నారు; రెండో రోజుకి ఒరోమో మాట్లాడే మనిషి ఫోన్‌లో దొరికాడు.

సర్జన్ ముందు పేరు అడిగాడు. తూఫా దిండుకి ఆనుకుని నిటారుగా కూర్చున్నాడు. "తూఫాని. రోబా కొడుకుని. రోబా తండ్రి బటి, బటి తండ్రి జిలో..." అలా తరాలు దాటుకుంటూ తమ మూలపురుషుడు బరెంతు దాకా వెళ్లాడు. సర్జన్ వాచీ చూసుకున్నాడు.

"ఆపకండి డాక్టర్," అంది ఆయాంతు. "మాలో పేరంటే అదంతా."

సర్జన్ ఓపిగ్గా విన్నాడు. తర్వాత తన మాట చెప్పాడు. షుగర్ వల్ల పాదం కుళ్లింది, తీస్తే కొన్నేళ్లు బతకొచ్చు, తీయకపోతే కొన్ని వారాలే. తూఫా బోలెడు ప్రశ్నలు అడిగాడు. చివరికి నెమ్మదిగా అన్నాడు: "వద్దు. పూర్తి మనిషిగానే పోతాను."

ఆయాంతు మంచం పట్టుకుని ఏడ్చింది. "నాన్నా, ఈ ఒక్కసారికి సరేనను."

"ఇన్నాళ్లూ అన్నది సరేనే కదా తల్లీ. నలభై ఏళ్లకి ఒక పెద్దమనిషి నా మాట నా భాషలో అడిగాడు. దాన్ని మార్చమనకు."

ఐదు వారాలకి, కూతురి అపార్ట్‌మెంట్‌లో, తూఫా పోయాడు. ఖననం నాడు ఉమ వచ్చింది.

"నేను ఊరుకుని ఉంటే బతికేవాడా?" అని అడిగింది ఆయాంతు.

"ముందు ఊరుకోనిది నేను. ఫోన్ చేసింది నేనే కదండీ," అంది ఉమ.

సియాటిల్‌లో ఉన్న అన్న గమ్మదా మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. "నీ పంతం కోసం నాన్నని చంపుకున్నావు," అని ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేయలేదు. ఆయాంతు చేస్తే ఎత్తడం లేదు. నాన్న ఆ రోజు ఎంత నిటారుగా కూర్చున్నాడో అన్న చూడలేదు. చూసిన తనకి కూడా, ఒక్కోరోజు, అన్న మాటే నిజమనిపిస్తుంది.