పల్లీపాలంటే పడని వదిన

మా ఆయన అక్కను తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్లు బిగుసుకుంటాయి. ఆమెది మిర్యాలగూడ, ఇంటి నిండా బర్రెలు. సూర్యాపేటలో మా ఇంటికి ఎప్పుడొచ్చినా ముందు వంటింట్లోకెళ్లి పల్లీపాల గిన్నె మూత తీసేది. వాసన చూసి మూతి తిప్పి, "పల్లీలు చట్నీకి, పాలు పిల్లలకు" అనేది.

మా పాపకు బర్రెపాలూ ఆవుపాలూ పడవు. కాసిన్ని తాగినా మొహం వాచిపోతుంది. సోయాపాలు ఉమ్మేసింది. కొబ్బరిపాలు వెగటంది. చివరికి నానబెట్టిన పల్లీలు రుబ్బి, వడగట్టి, యాలకులు వేసి కాచి ఇస్తే మూతి నాక్కుంటూ తాగింది. ఆ పాలలో పచ్చిమిరప తొడిమెలు వేస్తే పెరుగు కూడా తోడుకుంది. ఆ రోజు సంతోషంతో ఏడ్చాను.

ఒకసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు, నేను స్నానానికి పోయిన సందు చూసి వదిన పాపకు బర్రెపెరుగన్నం తినిపించింది. నేను వచ్చేసరికి పాప పెదవులు ఉబ్బి, ఊపిరాడక గిలగిల్లాడుతోంది. దవాఖానలో సూది వేశాక గానీ తేరుకోలేదు. అక్కడా ఆమె తగ్గలేదు.

"మా ఇంటి పిల్లకు పాలు పడకపోవుడేంది? నువ్వు అలవాటు చెయ్యలే, గంతే!"

"ఇంకో మాటన్నవంటే మంచిగుండదు వదినా. బయటికి నడువు," అన్నాను.

కొన్నాళ్లకు ఏమీ జరగనట్టే పాలక్యానుతో మా ఇంటికొచ్చి, "రా బిడ్డా, అత్తను మరిచిపోయినవా?" అని చేతులు చాపింది. పాప తన పల్లీపాల గ్లాసును గుండెకు హత్తుకుని లోపలికెళ్లి తలుపేసుకుంది. తలుపు తీయిస్తానేమోనని వదిన నావైపు చూసింది.

నేను తీయించలేదు.