తువ్వాలు కింద జవాబు

సామ్రాజ్యం టీచరుకి కుదురు లేదు. అద్దంకి దగ్గర ఓ పల్లెటూరి హైస్కూల్లో సోషల్ చెప్పేది. ప్రశ్న వేసి, పిల్లలు నోరు తెరిచేలోపే జవాబు కూడా తనే చెప్పేసి, నల్లబల్ల నుంచి తలుపు దాకా ఓ చక్కరు కొట్టేది. పిల్లల చేత చర్చ చేయించమని ట్రైనింగులో చెప్పి పంపారు. చర్చ జరిగేది, ఆవిడకీ ఆవిడకీ మధ్య.

రెండువేల మూడులో మిరప కోతలు మొదలయ్యేసరికి ఆవిడకి మరీ మనసు నిలవలేదు. ఎనిమిదో తరగతి సాయిలక్ష్మి వారంలో సగం రోజులు అమ్మతో కోతలకు పోతోంది. కిందటేడు అలా వెళ్ళిన ఆడపిల్లలు మళ్ళీ బడి ముఖం చూడలేదు. ఈ పిల్లని మాత్రం వదలకూడదని టీచరు పట్టు. తరగతంతా మాట్లాడుకుంటే దారి దొరక్కపోదని ఆశ.

"కోతలకి బడి మానొచ్చా?" అని అడిగింది. సాయిలక్ష్మి కోసే చేను బాలు వాళ్ళది. ఆ బాలు ముందు బెంచీలోనే ఉంటే ఎవరు నోరు విప్పుతారు? టీచరు ఆగలేక, "మానకూడదు!" అని తనే తీర్పు చెప్పేసింది.

ఇంటికెళ్ళాక ఉపాయం తట్టింది. ఆవిడ నాన్న గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు నడిపేవాడు. అక్కడ పక్కవాడికి తెలియకుండా తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చుకోవడం చిన్నప్పుడు చూసింది. మర్నాడు తువ్వాలు తెచ్చింది. బడి కావాలంటే ఒక వేలు, కోతలు కావాలంటే రెండు. ఒక్కొక్కరే వచ్చి తువ్వాలు కింద ఆవిడ వేళ్ళు పట్టుకున్నారు. అందరూ ఒక వేలే, సాయిలక్ష్మితో సహా! టీచరు సంబరం అంతా ఇంతా కాదు.

మర్నాడు సాయిలక్ష్మి రాలేదు.

టీచరుకి ఒళ్ళు మండింది, తన మీద తనకే. ఆ పిల్లకేం కావాలో తనొక్కదానికే తెలిసింది. ఎందుకు రాలేకపోతోందో ఎవరికీ తెలియలేదు.

ఆ పిల్ల మళ్ళీ బడికొచ్చిన రోజు ప్రశ్న మార్చింది. "రావాలని ఉన్నా రానివ్వనిదేంటర్రా?" అని, కుర్చీలో కూర్చుని పైట చెంగు గట్టిగా పట్టుకుంది. ఎవరూ మాట్లాడటం లేదు. ఆవిడకి ప్రాణం పోతున్నట్టుంది. అయినా లేవలేదు.

చివరికి సాయిలక్ష్మి లేచి బాలు వంక తిరిగింది. "ఇద్దరమైతేనే కొయ్యడానికి మిరప సాలు ఇస్తానన్నాడు మీ నాన్న. నేను రాకపోతే మా అమ్మనీ రావద్దన్నాడు."

"మా నాన్న అట్టా అనడు."

"అన్నాడు. నువ్వు గట్టు మీదే ఉన్నావు."

బాలు తల దించుకున్నాడు. "మనుషులు చాలటం లేదుగా మరి. ఆలస్యమైతే కాయ రాలిపోద్ది."

"చాలకపోతే నువ్వు కొయ్యరా! మీ చేనేగా?" అన్నాడు వెనక బెంచీ కోటి. అందరూ గొల్లుమన్నారు. టీచరు నాలుక చివరిదాకా వచ్చిన మాట మింగేసింది.

మర్నాడు సాయిలక్ష్మి వచ్చింది. బాలు రాలేదు.

"బాలు ఏడి?"

"వాళ్ళ నాన్నతో పోట్లాడి, నా బదులు మా అమ్మతో సాలు పట్టాడు టీచర్."

సాయిలక్ష్మిని చూసి టీచరుకి ఏడుపొచ్చేంత సంతోషమైంది. అంతలోనే తను చేసిన పని తట్టింది. ఒక పిల్లని చేలోంచి తెచ్చి ఇంకో పిల్లాణ్ణి పంపింది. కోతలింకా సగం కూడా కాలేదు.

"ఇప్పుడేం చేద్దామర్రా?" అంది. ఎవరికీ జవాబు తెలియని ప్రశ్న ఆవిడ తరగతిలో వెయ్యడం అదే మొదటిసారి. పిల్లలంతా ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు.