తిరిగిరాని ఉత్తరాలు

ఉదయం ఎనిమిదింబావుకల్లా సారమ్మ ఆఫీసు తాళం తీసి, చేతిసంచి భుజం మీద ఉండగానే కంప్యూటరు ఆన్ చేసేది. అది మెల్లగా లేచేలోపు కిటికీ రెక్కలు తెరిచేది. చెత్త మెయిళ్ళు పంపేవాళ్ళ పేర్లను కొన్ని సంస్థలు నల్లజాబితాల్లో పెడుతుంటాయి. ఆ జాబితాల్లో తమ కంపెనీ పేరు లేదని చూసుకుని, నోటుబుక్కులో తేదీ వేసి ‘బాగుంది’ అని రాస్తేగాని ఆమెకు కాఫీ గొంతు దిగేది కాదు.

ఇది 2005 నాటి మాట. కాడుగోడి స్టేషను దగ్గర స్టీఫెన్ గారు నడిపే ఆ కంపెనీ నర్సులకు ఆసుపత్రుల్లో ఉద్యోగాలు చూపించేది. ఇంటర్వ్యూ పిలుపులన్నీ సారమ్మ మెయిల్లోనే పంపేది. హాస్టళ్ళలో ఉండే అమ్మాయిలు వారానికోసారి నెట్ సెంటరుకు వెళ్ళి చూసుకునేవాళ్ళు. పుట్టినరోజు శుభాకాంక్షలు మాత్రం సబ్‌డొమైన్ నుంచి, అంటే కంపెనీ పేరుకు ముందు ఇంకో చిన్న పేరు తగిలించిన చిరునామా నుంచి వెళ్ళేవి. సర్వర్లు చూసే దామోదర్ పుట్టి పెరిగింది ఆ ఊళ్ళోనే. కొత్తలో అతను ఆమెకు దాన్నిలా చెప్పాడు:

“డొమైన్ అంటే ఇంటిపేరు అనుకో అక్కా. సబ్‌డొమైన్ ఆ ఇంట్లో బిడ్డ. బిడ్డ ఊర్లో చెడ్డపేరు తెచ్చుకుంటే ఇంటిపేరు గూడా పోతాది. అందుకే రెండింటినీ దినామూ చూస్తా ఉండాల.”

ఆ పని మీద ఆమెకు అంత పట్టుదల ఎందుకో ఎవరూ అడగలేదు. అంతకు నాలుగేళ్ళ ముందు చెల్లెలు కృప హెబ్బగోడిలో అద్దెగదిలో ఉంటూ ఒక ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో నర్సుగా చేసేది. ఒక శుక్రవారం ‘అక్కా, జ్వరం తగ్గడం లేదు, ఒకసారి వస్తావా’ అని మెయిల్ రాసింది. అది సారమ్మ మెయిల్ పెట్టెలో చెత్త మెయిళ్ళ మధ్య పడింది. ఆమె దాన్ని చదివింది కృప భూస్థాపన అయిన తొమ్మిదో రోజున.

అప్పటినుంచి అప్పుడప్పుడూ ఆఫీసు నుంచే కృప చిరునామాకు ఒక ఉత్తరం రాసేది. మొదట్లో వెళ్ళేవి. తర్వాత ‘అలాంటి పెట్టె లేదు’ అని తిరిగి రాసాగాయి. మూడుసార్లు తిరిగొచ్చిన చిరునామాను మెయిళ్ళు పంపే జాబితాలోంచి తీసెయ్యాలన్నది ఆఫీసు నియమం. ఆ నియమం ప్రకారం సారమ్మ వందల పేర్లు తీసేసింది. ఆ ఒక్కటి తియ్యలేదు.

ఆ 2005 జనవరిలో, కృప పుట్టినరోజున, శుభాకాంక్షల చిరునామా నుంచే రెండు ముక్కలు రాసి పంపింది. తిరిగి రాలేదు. సాయంత్రం దాకా చూసింది. మర్నాడూ రాలేదు. మూసిన గదికి లోపలినుంచి ఎవరో గడియ తీసినట్టయింది.

ఇక అక్కడినుంచే రోజూ రాయడం మొదలుపెట్టింది. పెద్ద సంగతులేమీ కావు. అమ్మ కుట్టిన నీలం దుప్పటి చినిగిందనీ, స్టేషను బయట పూలమ్మే సొన్నమ్మ సంపెంగలు తేవడం మానేసిందనీ. ‘నువ్వెవరు’ అని మాత్రం అడగలేదు. అడిగితే జవాబొస్తుందేమోనని భయం, రాదేమోననీ భయం. ఇనప మంచం మీద, నుదుట తడిగుడ్డ వేసుకుని, ఎవరో తన మాటలు ఒక్కొక్కటే చదువుతున్నట్టు ఉండేది. ఆఫీసులో ఒంటరిగా ఉన్నప్పుడు వెనక్కి తిరిగి చూడడం మానేసింది.

ఫిబ్రవరి చివర సబ్‌డొమైన్ పేరు ఒక నల్లజాబితాలో కనబడింది. మార్చిలో అసలు పేరూ ఎక్కింది. ఆ వారమే స్టీఫెన్ గారు వస్తూనే కేకలేశారు.

“పిలిచింది ముప్పై రెండు మందిని. వచ్చింది తొమ్మిది! ఆసుపత్రోళ్ళు నన్ను చూసి నవ్వినారు. ఏమప్పా దామోదర్, మన మెయిళ్ళు ఏ బావిలో పడతా ఉండాయి?”

“మన పేరు నల్లజాబితాకెక్కింది సార్. అందుకే అందరి చెత్తడబ్బాలో పడతా ఉండాయి.”

“పదిహేను రోజుల్లో మళ్ళీ పిలవమన్నారు. ఆ ఇరవై మూడు మందీ రాకపోతే వేరేవాళ్ళను పెట్టుకుంటారంట. చూసుకోండి మరి.”

దామోదర్ ఆ పూటంతా పంపిన మెయిళ్ళ చిట్టా చూస్తూ కూర్చున్నాడు. చివరికి పకాలున నవ్వాడు.

“సారమ్మక్కా, ఒగే అడ్రసుకి దినామూ ఒకటి పోతా ఉండాది! ఎవురికక్కా, లవ్ లెటర్లా?”

ఆమె నవ్వలేదు. “అది మా కృపది.”

ఆమె టేబులు అద్దం కింద ఉన్న ఫోటో ఎవరిదో దామోదర్‌కు తెలుసు. కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

“అక్కా, చాన్నాళ్ళు ఎవురూ తెరవని పెట్టెను మెయిలు కంపెనీవోళ్ళు మూసేస్తారు. అప్పుడు జాబు తిరిగొస్తాది. కొన్నింటిని మళ్ళా తెరిచి పెడతారు.”

“తెరిచినారు కదా. లోపల ఎవురుండారు?”

“ఎవురూ లేరక్కా. అది ఉచ్చు. లేని మనిషికి గూడా జాబులు వేసేవోళ్ళను పట్టేదానికి.”

“నేను రాసినవి చదివినారా?”

“చదవరు. ఎవురు పంపినారో నల్లజాబితాలో రాసుకుంటారు, అంతే.”

సారమ్మ తెర వంక తిరిగింది. ఇరవై మూడు మంది ఆడపిల్లల పిలుపులు, ఆ శుక్రవారపు ఉత్తరం పడినచోటే పడి ఉన్నాయి. పడేసింది తనే.

“ఒక్కటి రాసి మానేస్తానప్పా. మానేస్తున్నానని చెప్పాల కదా.”

“ఆ ఒక్కటీ ఉచ్చులోనే పడతాదక్కా. ఇంగో పది దినాలు పోతాది. అన్ని దినాలు మనకాడ లేవు.” లేచి నిలబడ్డాడు. “నువ్వే తీసెయ్యి. నేను తీస్తే బాగుండదు.”

తీసెయ్యమంటారా అని కంప్యూటరు అడిగింది. ఆమె వేలు మీట మీద పెట్టుకుని, ప్రార్థనలో లాగా కళ్ళు మూసుకుంది. నొక్కాక గదిలో ఏమీ మారలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

జరిగింది జరిగినట్టు స్టీఫెన్ గారికి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, “సరేనమ్మా, పని చూడు,” అన్నారు. శుభాకాంక్షలు పూర్తిగా ఆపేశారు. దామోదర్ నల్లజాబితాలవాళ్ళకు రాసి బతిమాలాడు. ఎనిమిదో రోజున అసలు పేరు తేరుకుంది. పిలుపులు మళ్ళీ వెళ్ళాయి. ఇరవై మూడు మందిలో పంతొమ్మిది మంది వచ్చారు. మిగతా నలుగురికి ఆ ఉద్యోగాలు దక్కలేదు. వాళ్ళ పేర్లు సారమ్మకు ఈనాటికీ నోటికి వచ్చు.

తర్వాత చాలా రోజులు, ఏ మెయిల్ రాయబోయి ‘క’ గుణింతంలో మొదలయ్యే పేరు కొట్టినా, కంప్యూటరు తనంతట తానే కృప చిరునామా చూపించేది. ఒక ఉదయం అది కనబడలేదు. దామోదర్ ఎవరూ అడక్కుండానే తీసేశాడు. ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

సారమ్మ ఇప్పుడు దేవనహళ్ళిలో నర్సింగు విద్యార్థినుల హాస్టలుకు వార్డెనుగా ఉంటోంది. ఆమెకు మెయిలు చిరునామా లేదు. పనున్నవాళ్ళు హాస్టలు నంబరుకు ఫోన్ చేస్తారు.